మౌనం అర్ధాంగీకారం కాదు.. పూర్తి బిల్లు!

సెంటుకు పన్నెండు సీడీలిచ్చిన అమెరికా మ్యూజిక్ క్లబ్‌ల నుంచి మన రూపాయి ట్రయల్స్ దాకా.. చేరితే లాభమా, నష్టమా?

సెంటు అంటే మనకు స్థలం గుర్తొస్తుంది. అమెరికాలో అది డాలరులో నూరో వంతు, అంటే అతి చిన్న నాణెం. 1990ల్లో అక్కడి పత్రికల్లో తరచూ ఓ ప్రకటన కనిపించేది. ‘ఈ కార్డు మీద ఒక సెంటు నాణెం టేపుతో అంటించి పోస్టు చేయండి. మీకు నచ్చిన పన్నెండు సీడీలు ఇంటికి పంపిస్తాం’ అని దాని సారాంశం. షాపులో ఒక్క సీడీ ధరే పదిహేను డాలర్లకు అటూ ఇటూ ఉన్న రోజులవి. చేతిలో డబ్బులుండని కాలేజీ కుర్రాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? లక్షల మంది చేరిపోయారు. ఆ రోజుల్లో ఎమ్మెస్ చేయడానికి వెళ్లిన బంధువులెవరైనా మీకుంటే ఒకసారి అడిగి చూడండి. కొలంబియా హౌస్, బీఎంజీ అనే పేర్లు చెప్పగానే నవ్వుతారో, తల పట్టుకుంటారో మీరే చూడొచ్చు.

ఆ క్లబ్‌లు ఇప్పుడు లేవు. మరి ఉద్యోగాల పేజీలో వాటి గోల ఎందుకని అడగొచ్చు. క్లబ్‌లు పోయినా వాటి పద్ధతి పోలేదు. మీ ఫోన్‌లో రూపాయికి మొదలైన మ్యూజిక్ ట్రయల్, టెస్ట్ సిరీస్ పాస్, రెజ్యుమె తయారు చేసే యాప్, ఓటీటీ ప్యాక్.. ఇవన్నీ చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. గత రెండు మూడేళ్లలో అమెరికా కోర్టుల నుంచి మన వినియోగదారుల వ్యవహారాల శాఖ వరకూ దీని మీదే చర్చ. పోటీ పరీక్షలకు, గ్రూప్ డిస్కషన్లకు పనికొచ్చే అంశం ఇది. అంతకంటే ముందు, ఇంటి నుంచి నెలకు ఇంత అని డబ్బు తెప్పించుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన లెక్క.

క్లబ్ ఎలా నడిచేది?

మొదట పద్ధతి అర్థం చేసుకుందాం. సభ్యుడిగా చేరగానే మొదటి విడత సీడీలు దాదాపు ఉచితంగా వచ్చేవి. దానికి బదులుగా, ఫలానా గడువులోపు ఇన్ని సీడీలు క్లబ్ మామూలు ధరకు కొంటానని మీరు ఒప్పుకోవాలి. పోస్టేజీ, ప్యాకింగ్ ఖర్చులు అదనం. ‘ఉచితం’ అన్న సీడీలకు కూడా ఆ ఖర్చు మీదే. ఇంతవరకూ ఇది మామూలు బేరమే.

అసలు కిటుకు ఆ తర్వాత మొదలవుతుంది. కొన్ని వారాలకోసారి క్లబ్ నుంచి ఒక కేటలాగు, దాంతో పాటు ఒక కార్డు వచ్చేవి. ‘ఈసారి మీ కోసం ఎంపిక చేసిన ఆల్బమ్ ఇది. వద్దనుకుంటే ఈ తేదీలోపు కార్డు తిప్పి పంపండి’ అన్నది అందులోని విషయం. కార్డు పంపితే ఏమీ రాదు. పంపకపోతే? ఆల్బమ్ వచ్చేస్తుంది, దాని వెనకే బిల్లు కూడా.

మన దగ్గర అప్పట్లో పాటలు ఎలా కొనుక్కునేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తెల్లకాగితం మీద నచ్చిన పాటల జాబితా రాసుకుని, బజార్లో రికార్డింగ్ షాపుకెళ్లి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి నింపించుకునేవాళ్లు. జాబితా ఇస్తేనే పాట. ఇవ్వకపోతే షాపువాడు మీ ఇంటి తలుపు కొట్టడు. అమెరికా క్లబ్ దీన్ని తిరగేసింది. అక్కడ ఏమీ అడగకపోయినా పాట వస్తుంది. ఆపాలంటేనే మీరు కదలాలి.

దీన్ని వ్యాపార పరిభాషలో ‘నెగెటివ్ ఆప్షన్’ అంటారు. ‘వద్దు’ అని చెప్పే బాధ్యత కొనేవాడిది. చెప్పకపోతే ‘కావాలి’ అన్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లు సామెతగా అన్నారు. ఈ వ్యాపారంలో అది పూర్తి అంగీకారం.

చట్టం ముందు మౌనం విలువెంత?

లా విద్యార్థులు మొదటి ఏడాదిలోనే చదివే పాత ఇంగ్లిష్ కేసు ఒకటుంది. పేరు ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ, 1862 నాటిది. ఓ పెద్దాయన తన సోదరుడి కొడుక్కి ఉత్తరం రాశాడు. ‘నీ గుర్రం గురించి నువ్వు మళ్లీ ఏమీ చెప్పకపోతే, నేను చెప్పిన ధరకు అది నాదే అనుకుంటాను’ అన్నది దాని సారాంశం. ఆ కుర్రాడు జవాబు రాయలేదు. తర్వాత వేలంపాటలో గుర్రం పొరపాటున వేరేవాళ్లకు అమ్ముడుపోయింది. పెద్దాయన కోర్టుకెళ్లాడు. జవాబు ఇవ్వనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని కోర్టు తేల్చింది. మన దగ్గర కాంట్రాక్టు చట్టం చదివేవాళ్లకూ ఈ కేసు తప్పదు.

మరి క్లబ్‌లు ఎలా నిలబడ్డాయి? జవాబు చేరే కార్డులోనే ఉంది. ‘నేను కార్డు పంపకపోతే ఆల్బమ్ పంపండి’ అన్న షరతుకు చేరిన రోజే మీరు సంతకం పెట్టేశారు. అంటే మీ తర్వాతి మౌనాలన్నిటికీ ముందుగానే ఒప్పుకున్నారు. సంతకం పెట్టినప్పుడు మీ చూపంతా పన్నెండు సీడీల మీద ఉంటుంది. ఒప్పుకుంటున్నది మాత్రం రాబోయే రెండేళ్ల గురించి. ఈ తేడా మీద నడిచిన వ్యాపారం అది.

ఇది సంగీతంతో పుట్టింది కాదు. 1926లో అమెరికాలో మొదలైన ‘బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్’ పుస్తకాలను ఇలాగే అమ్మింది. 1955లో కొలంబియా రికార్డ్స్ సంస్థ అదే దారిలో రికార్డు క్లబ్ పెట్టింది. గ్రామఫోన్ రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చినా పద్ధతి మాత్రం మారలేదు.

ఫిర్యాదులు పెరగడంతో 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. షరతులన్నీ ముందే స్పష్టంగా చెప్పాలి. ‘వద్దు’ అనడానికి సభ్యుడికి కనీసం పది రోజుల సమయమివ్వాలి. అంత గడువు ఇవ్వకుండా పంపిన సరుకును తిరిగి తీసుకోవాలి, ఆ పోస్టు ఖర్చు కూడా క్లబ్‌దే. ఆ పది రోజులను గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

లాభమా, నష్టమా? లెక్క వేద్దాం

ఇంతకీ చేరినవాళ్లు బాగుపడ్డారా, మోసపోయారా? రెండూ జరిగాయి. ఎలాగో చూడటానికి నాటి ధరలకు దగ్గరగా ఒక ఉదాహరణ తీసుకుందాం. క్లబ్ మామూలు ధర సీడీకి 16 డాలర్లు, పోస్టేజీ ఒక్కోదానికి రెండున్నర డాలర్లు అనుకోండి. పథకం ‘ఒకదాని ధరకు పన్నెండు’. అంటే ఒక్క సీడీ మామూలు ధరకు కొంటే మిగతా పదకొండూ ఉచితం, పోస్టేజీ మాత్రం పన్నెండింటికీ కట్టాలి.

మొదటి సభ్యుడు జాగ్రత్తపరుడు. వచ్చిన ప్రతి కార్డునూ తేదీలోపు తిప్పి పంపాడు. ఒప్పందం పూర్తికాగానే సభ్యత్వం రద్దు చేసుకున్నాడు. అతనికైన ఖర్చు 16 ప్లస్ 30, మొత్తం 46 డాలర్లు. సీడీకి నాలుగు డాలర్ల లోపే. ఏ షాపులోనూ ఆ ధరకు కొత్త సీడీ దొరకదు. ఇతనికి క్లబ్ బంగారు బాతు.

రెండో సభ్యుడు మనలాంటివాడు. పరీక్షల గోలలో, ఇల్లు మారిన హడావుడిలో ఐదుసార్లు కార్డు పంపడం మరిచాడు. ఒక్కో మరుపు ఖరీదు పోస్టేజీతో కలిపి పద్దెనిమిదిన్నర డాలర్లు. ఐదుకు తొంభై రెండున్నర. మొత్తం 138 డాలర్ల 50 సెంట్లు. అతను కోరుకున్నది పన్నెండు సీడీలే, మిగతా ఐదూ ఇంట్లో దుమ్ము పట్టేవి. కోరుకున్న పన్నెండింటి మీద లెక్కేస్తే ఒక్కోటి పదకొండున్నర డాలర్లు పడింది. పెద్ద డిస్కౌంట్ షాపుల్లో నేరుగా కొనుక్కున్నా ఇంచుమించు అంతే అయ్యేది. ఇతనికి లాభమూ లేదు, నష్టమూ లేదు.

మూడో సభ్యుడు పదిసార్లు మరిచాడు. ఖర్చు 231 డాలర్లు. కోరుకున్న సీడీ ఒక్కోటి పంతొమ్మిది డాలర్లు దాటింది. అంటే షాపు ధర కంటే ఎక్కువ. ‘ఉచితం’ అని చేరి, అందరికంటే ఎక్కువ కట్టింది ఇతనే.

ముగ్గురూ చేరింది ఒకే క్లబ్‌లో, ఒకే రోజున, ఒకే ప్రకటన చూసి. ఆఫర్‌లో తేడా లేదు. తేడా అంతా ‘వద్దు’ అని ఎన్నిసార్లు సమయానికి చెప్పారన్న దాంట్లోనే ఉంది. కాబట్టి ‘ఈ ఆఫర్ మంచిదా?’ అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ‘వద్దు చెప్పాల్సిన రోజున నేను వద్దు చెబుతానా?’ అన్నది మిగతా సగం.

ఇంకో మాట. పన్నెండు ఉచితంగా ఇచ్చి కూడా క్లబ్ ఎలా బతికింది? సీడీ తయారీ ఖర్చు షాపు ధరతో పోలిస్తే చాలా తక్కువ. క్లబ్‌లు లైసెన్సు తీసుకుని సొంతంగా ముద్రించుకునేవి. చాలా కాంట్రాక్టుల్లో క్లబ్ అమ్మకాల మీద గాయకులకు దక్కే రాయల్టీ మామూలు కంటే తక్కువ. ఉచితంగా పంచిన కాపీల మీద చాలాసార్లు అసలే ఉండేది కాదు. అంటే మీకొచ్చిన ‘ఉచితం’లో కొంత భారం పాడినవాళ్ల మీద, కొంత మూడో సభ్యుడిలాంటి మతిమరుపు మనుషుల మీద పడేది. ఉచితమైనదానికి ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉంటారు. అది మీరు కాకపోతే సరే.

ఎలా మూతపడ్డాయి?

1996లో కొలంబియా హౌస్ ఆదాయం సుమారు 140 కోట్ల డాలర్లు. అదే దాని శిఖరం. ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. 1999లో నాప్‌స్టర్‌తో పాటలు ఉచితంగా చేతులు మారడం మొదలైంది. 2003లో ఐట్యూన్స్ స్టోర్ వచ్చి ఒక్కో పాటను విడిగా అమ్మింది. 2005లో కొలంబియా హౌస్‌ను పోటీదారైన బీఎంజీయే కొనేసింది. 2009లో మ్యూజిక్ క్లబ్ మూతపడింది. డీవీడీలు అమ్ముతూ మిగిలిన సంస్థ కూడా 2015లో దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు ఏడాది దాని ఆదాయం సుమారు 1.7 కోట్ల డాలర్లకు పడిపోయింది.

ఆసక్తికరంగా, గ్రామఫోన్ రికార్డులకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు సుమారు 4.1 కోట్లు అమ్ముడైతే, సీడీలు 3.3 కోట్లే. నెలనెలా ఒక రికార్డు ఇంటికి పంపే కొత్త క్లబ్‌లూ పుట్టుకొచ్చాయి. వాటిలో చేరాలా వద్దా అన్న ప్రశ్నకూ పైన వేసిన లెక్కే వర్తిస్తుంది.

కార్డు పోయింది.. ఆటోపే వచ్చింది

ఇక మన సంగతి. ఓ డిగ్రీ ఫైనలియర్ విద్యార్థిని అనుకుందాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతోంది. రూపాయికి నెల ట్రయల్ అని ఒక మ్యూజిక్ యాప్, వారం ఉచితం అని ఒక టెస్ట్ సిరీస్, రెజ్యుమె కోసం ఇంకో యాప్ తీసుకుంది. మూడింటికీ యూపీఐ పిన్ కొట్టింది. రెజ్యుమె డౌన్‌లోడ్ కాగానే ఆ యాప్ తీసేసింది. రెండు నెలల తర్వాత పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజున కూర్చుంటే ఖాతాలో డబ్బు చాలలేదు. నాన్న పంపింది ఏమైందని చూస్తే, మూడు చోట్లకీ వాయిదాలు వెళ్లిపోయాయి. తీసేసిన యాప్‌కు కూడా!

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. మీరు పిన్ కొట్టి ఇచ్చిన అనుమతి, అంటే ‘మ్యాండేట్’, బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. రూపాయి కట్టడానికి కొట్టాననుకున్న పిన్, నిజానికి నెలనెలా ఫలానా మొత్తం వరకు తీసుకోవచ్చని ఇచ్చిన రాతపూర్వక అనుమతితో సమానం.

పాత క్లబ్‌కూ దీనికీ పోలిక స్పష్టమే. తేడాలు కూడా గమనించండి. అవే ముఖ్యం.

మొదటి తేడా డబ్బు కదిలే క్రమం. క్లబ్‌లో కార్డు మరిచిపోతే సీడీ వచ్చేది, తర్వాత బిల్లు వచ్చేది. చెక్కు రాయాల్సింది మీరే. వాదించడానికి, ఆలోచించడానికి కాస్త వ్యవధి ఉండేది. ఆటోపేలో మరిచిపోతే ముందు డబ్బు పోతుంది. వాదన ఏదైనా ఆ తర్వాతే.

రెండోది గడువు. 1973 నిబంధన ఇచ్చింది పది రోజులు. మన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపునకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం పంపాలి. ఆ చెల్లింపును గానీ, మొత్తం అనుమతిని గానీ వద్దనే అవకాశమూ ఇవ్వాలి. పోస్టులో కార్డు పంపడం కంటే ఫోన్‌లో బటన్ నొక్కడం తేలిక, నిజమే. కానీ రోజుకు వందల నోటిఫికేషన్లు వచ్చే ఫోన్‌లో ఆ ఒక్కటి కంటపడాలి కదా!

మూడోది కనిపించడం. వద్దన్న సీడీ కనీసం గుమ్మం ముందు కనపడేది. ‘అయ్యో, కార్డు పంపలేదే’ అని గుర్తుచేసేది. వాడని యాప్ ఏమీ గుర్తుచేయదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక వరుసగా మాత్రమే మిగిలిపోతుంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

అమెరికాలో 2010లో వచ్చిన చట్టం ఆన్‌లైన్ నెగెటివ్ ఆప్షన్ అమ్మకాలకు మూడు షరతులు పెట్టింది. వివరాలన్నీ ముందే స్పష్టంగా చెప్పాలి, డబ్బు తీసుకునే ముందు స్పష్టమైన అనుమతి ఉండాలి, ఆపడానికి సులువైన మార్గం ఉండాలి. దాన్ని ఇంకా పటిష్ఠం చేస్తూ 2024 అక్టోబరులో ఎఫ్‌టీసీ ‘క్లిక్ టు క్యాన్సిల్’ నిబంధనను ఖరారు చేసింది. చేరడం ఎంత సులువో ఆపడమూ అంతే సులువుగా ఉండాలన్నది దాని సారం. అయితే 2025 జులైలో అక్కడి అప్పీళ్ల కోర్టు ఈ నిబంధనను కొట్టేసింది. ఉద్దేశం తప్పని కాదు. దాన్ని తెచ్చేముందు చేయాల్సిన ఆర్థిక ప్రభావ విశ్లేషణను కమిషన్ చట్టప్రకారం చేయలేదని. పాలిటీ చదివేవాళ్లు ఈ తేడాను గమనించాలి. మంచి నిబంధన కూడా ప్రక్రియ తప్పితే నిలవదు.

అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో పెద్ద పరిణామం. ప్రైమ్ సభ్యత్వంలో చేర్చుకునే తీరు, రద్దు చేసుకోవడంలోని చిక్కుల మీద ఎఫ్‌టీసీ వేసిన కేసులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు వినియోగదారులకు వాపసు. తప్పు చేసినట్టు సంస్థ ఒప్పుకోలేదు. రద్దు ప్రక్రియను సంస్థ లోపల ‘ఇలియడ్’ అనే పేరుతో పిలిచేవారని ఎఫ్‌టీసీ తన ఫిర్యాదులో పేర్కొంది. ఇలియడ్ అంటే ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన మహాకావ్యం. మన భాషలో చెప్పాలంటే ‘రామాయణమంత తతంగం’ అన్నమాట.

మన దేశం విషయానికొస్తే, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ, అంటే సీసీపీఏ, 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ నివారణ మార్గదర్శకాలు ఇచ్చింది. వినియోగదారుణ్ని తికమకపెట్టి, తనకు ఇష్టంలేని పని చేయించే డిజైన్లే డార్క్ ప్యాటర్న్స్. మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి. వాటిలో ఒకటి ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’. రద్దు చేసుకోవడాన్ని అసాధ్యంగానో, సుదీర్ఘంగానో మార్చడం, రద్దు బటన్‌ను దాచేయడం, అర్థంకాని సూచనలివ్వడం దీని కిందకొస్తాయి. ఉచిత సబ్‌స్క్రిప్షన్‌కు కూడా చెల్లింపు వివరాలో, ఆటో డెబిట్ అనుమతో ఇవ్వాల్సిందేనని బలవంతపెట్టడం కూడా ఇందులో ఉంది. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలన్నీ మూడు నెలల్లో తమ ప్లాట్‌ఫామ్‌లను స్వయంగా ఆడిట్ చేసుకోవాలని సీసీపీఏ సూచించింది.

నిబంధనలున్నాయి కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చా? 1973 తర్వాత కూడా అమెరికా క్లబ్‌లు దర్జాగా నడిచాయి, శిఖరానికి చేరింది కూడా ఆ తర్వాతే. నిబంధన ‘వద్దు’ అనే అవకాశాన్ని కాపాడుతుంది. ఆ మాట మీ బదులు అది చెప్పదు.

చేరే ముందు ఐదు ప్రశ్నలు

అలాగని ఏ సబ్‌స్క్రిప్షనూ తీసుకోవద్దని చెప్పడం లేదు. రోజూ పాటలు వినేవాళ్లకు, రోజూ మాక్ టెస్టులు రాసేవాళ్లకు అది మంచి బేరమే కావచ్చు. మొదటి సభ్యుడు లాభపడ్డాడని మరవొద్దు. ఆయనలా చేరాలంటే ఈ ఐదూ చూసుకోండి.

1. ట్రయల్ తర్వాత అసలు ధర ఎంత? రూపాయిని కాదు, పన్నెండు నెలల మొత్తాన్ని చూడండి. అంత డబ్బు ఇప్పుడే ఒకేసారి కట్టమంటే కడతారా? కట్టననిపిస్తే మీకు నిజంగా అవసరం లేనట్టే.

2. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఏముంది? గరిష్ఠ మొత్తం, ఎన్ని రోజులకోసారి, ఎప్పటి వరకు.. ఈ మూడూ చదవండి. ట్రయల్ ఒక్క రూపాయే అయినా మ్యాండేట్‌లో గరిష్ఠ మొత్తం వందల్లో ఉండొచ్చు. ముగింపు తేదీ ఏళ్ల తరబడి దూరంగా ఉండొచ్చు.

3. రద్దు బటన్ ఎక్కడుంది? చేరకముందే వెతకండి. ఐదు నిమిషాల్లో దొరకలేదంటే, అవసరమైన రోజున కూడా దొరకదు.

4. ‘వద్దు’ చెప్పాల్సిన తేదీ రాసుకున్నారా? ట్రయల్ ముగిసే రోజుకు రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. చాలా యాప్‌లలో ట్రయల్‌ను మొదటి రోజే రద్దు చేసినా గడువు వరకు వాడుకోవచ్చు. ఆ సౌకర్యం ఉంటే అదే అన్నిటికన్నా మేలు.

5. రెండు చోట్లా ఆపారా? యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి మ్యాండేట్‌ను కూడా రద్దు చేయండి. రెండింటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఈ పేజీ చదవడం అవ్వగానే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఒకసారి తెరిచి చూడండి. మీరు మరిచిపోయినవి ఏవైనా ఉన్నాయేమో తెలిసిపోతుంది. ఆపినా డబ్బు కోస్తుంటే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బ్యాంకుకూ చెప్పండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఒక చిన్న హెచ్చరిక. పాత క్లబ్‌ల రోజుల్లో దొంగ పేర్లతో మళ్లీ మళ్లీ చేరి ఉచిత సీడీలు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరు శ్రుతిమించి కేసుల్లో ఇరుక్కున్నారు. స్నేహితుల పేర్లు, వాళ్ల వివరాలు వాడి ట్రయల్ మీద ట్రయల్ తీసుకునే తెలివి వద్దు. ఉద్యోగానికి ముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరిగే రోజులివి.

రేపు ఆ బటన్ మీ చేతుల్లోనే

ఈ చర్చలో మీకు ఇంకో పాత్ర కూడా ఉంది. మీలో చాలామంది రేపు సాఫ్ట్‌వేర్, డిజైన్, డిజిటల్ మార్కెటింగ్, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాల్లోకి వెళ్తారు. ఆ రంగాల్లో రోజూ వినిపించే మాట ‘చర్న్’, అంటే నెలకు ఎంతమంది సభ్యులు మానేస్తున్నారన్న లెక్క. దాన్ని తగ్గించమని మీకు టార్గెట్ ఇస్తారు. తగ్గించడానికి రెండు దారులు. సేవ బాగుచేసి, మనిషి వెళ్లాలనుకోకుండా చేయడం ఒకటి. వెళ్లే తలుపును దాచేయడం రెండోది. రెండో దారిలో ఈ నెల అంకెలు తొందరగా బాగుపడతాయి. కానీ అమెజాన్ కట్టిన మొత్తం చూశాక, ఆ దారి చౌక అని ఏ మేనేజరూ ధైర్యంగా చెప్పలేడు.

ఇంటర్వ్యూలోనో, గ్రూప్ డిస్కషన్‌లోనో ‘మా యాప్‌లో రద్దు బటన్ ఎక్కడ పెట్టాలంటారు?’ అని అడగొచ్చు. చేరే బటన్ ఎక్కడుందో దాని పక్కనే అని చెప్పండి. ఎందుకని అడిగితే, సెంటుకు పన్నెండు సీడీల కథ చెప్పండి.

పరీక్షల కోసం క్లుప్తంగా

• బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్: 1926. కొలంబియా రికార్డు క్లబ్: 1955.

• నెగెటివ్ ఆప్షన్: ‘వద్దు’ అని చెప్పకపోతే ‘కావాలి’గా భావించే అమ్మకం. ఎఫ్‌టీసీ తొలి నిబంధన 1973లో. తిరస్కరించడానికి కనీస గడువు 10 రోజులు.

• క్లిక్ టు క్యాన్సిల్: 2024 అక్టోబరులో ఖరారు, 2025 జులైలో కోర్టు కొట్టివేత.

• అమెజాన్ - ఎఫ్‌టీసీ రాజీ: 2025 సెప్టెంబరు, 250 కోట్ల డాలర్లు.

• భారత్‌లో డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు: 2023 నవంబరు 30, సీసీపీఏ, 13 రకాలు. ఆధారం వినియోగదారుల రక్షణ చట్టం-2019.

• యూపీఐ ఆటోపే: 2020 జులైలో ప్రారంభం. చెల్లింపునకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. సాధారణ చెల్లింపుల్లో రూ.15,000 వరకు ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అవసరం లేదు (2022 జూన్‌లో రూ.5,000 నుంచి పెంపు).